రెప్ప మీద చిలకపచ్చ

"ఇది ఎరుపేనా? మీరే సూసి సెప్పండి హేమచంద్రగారూ! ఇటుకపొడి నూరి డబ్బాలో కూరితే ఎరుపైపోతాదా?"

పెద్దబజారు నడిమధ్యలో, కొనడానికి వచ్చిన ఆడవాళ్ళంతా చూస్తుండగా, ఐషాడో డబ్బా మూత తీసి అతని మొహం ముందు పెట్టి అరిచాను. వైశాఖం అప్పుడే మొదలైంది. పెళ్ళిళ్ళ గిరాకీతో కొట్టు కిటకిటలాడుతోంది. హేమచంద్రగారిది బరంపురంలో తాతల నాటి నుంచి గాజులు, కాటుక, బొట్టు అమ్ముకునే కోమట్ల కుటుంబం. గొంతు పెంచి మాట్లాడగా నేనెప్పుడూ వినలేదు. ఆ రోజూ పెంచలేదు.

"ఏటమ్మా అమ్మడూ, ఇన్నేళ్ళుగా నా దగ్గరే తీసుకుంటన్నావు. ఏనాడైనా నకిలీ సరుకు నీ సేతిలో పెట్టానా? కావాలంటే మరో డబ్బా ఇప్పు."

ఇంకో డబ్బా విప్పాను. అదీ అంతే. ఎరుపు గడిలో ఇటుకపొడి, పచ్చ గడిలో బూడిద. పక్కన నిలబడ్డ ఒడియా పిల్ల వేలితో కొంచెం తీసి మణికట్టు మీద రాసుకుని, "భలో రంగు దీదీ, ఎంత బ్రైట్‌గా ఉందో చూడండి" అంది. చూశాను. ఆ పిల్ల చేతి మీద రోడ్డు దుమ్ము తప్ప నాకేమీ కనబడలేదు. అందరూ కలిసి నన్ను వెర్రిదాన్ని చేస్తున్నారనుకున్నాను. అయినా ఆ డబ్బా కొన్నాను. కొనక ఏం చేస్తాను? చేతిలో పెళ్ళిళ్ళున్నాయి.

కోమపల్లిలో మేముండే అద్దెయింటి ముందుగదే నా పార్లరు. నా భర్త జగదీష్ మంగళూరులో బోట్ల మీద పనిచేస్తాడు. మా అత్త ముత్యాలు తెల్లారకముందే గోపాల్‌పూర్ వెళ్ళి, చేపలు తెచ్చి గేట్ బజారులో అమ్ముతుంది. ఆ నెలల్లో వేట నిషేధం. పెద్ద బోట్లు కదలవు. తెప్పల మీద దొరికే కాసిని చేపల కోసం ఒడ్డున పదిమంది ఆడవాళ్ళు కొట్టుకుంటారు. కాబట్టి ఇంట్లో పొయ్యి వెలగాలంటే నా చెయ్యి ఆడాలి.

అంతకుముందు మాఘంలో నాకు దగ్గు పట్టుకుంది. పెద్దాసుపత్రిలో టీబీ అన్నారు. ఇంటికొచ్చాక అత్త తలుపు గడియ వేసి, "ఈ మాట గడప దాటకూడదే. దాటిందంటే నీ సేత మొహం ముట్టించుకునేది ఎవుల్నేరు" అంది. నా వల్ల ఇంకొకరికి అంటదని డాక్టరు చెప్పేదాకా పార్లరు తెరవలేదు. తెరిచాక కూడా మాస్కు తియ్యలేదు. రోజూ పొద్దున్నే అత్త మాత్రలు లెక్కచూసి నా అరచేతిలో పోసేది, మింగేదాకా ఎదురుగా నిలబడేది. దగ్గు తగ్గింది. ఒంట్లోకి కండ వచ్చింది. రోగం పోతోందని సంబరపడుతున్న రోజుల్లోనే రంగులు పోవడం మొదలైంది.

అది నాకు తెలియలేదు. చూపు పోతే తెలుస్తుంది. రంగు పోతే సరుకు చెడిపోయిందనుకుంటాం.

* * *

నల్లటి రెప్ప రంగుని తాగేస్తుంది. మా పనిలో మొదట నేర్చుకునేది అదే. డబ్బాలో ధగధగలాడే పచ్చ, మన రెప్ప మీదికొచ్చేసరికి బూజు పట్టినట్టవుతుంది. దానికి ఉపాయాలున్నాయి. ముందు రెప్ప మీది జిడ్డు తుడవాలి. చర్మం రంగు కన్సీలర్ పల్చగా పూసి, తడి ఆరకముందే దాని మీద రంగు పెట్టాలి. ఇంకా పలకాలంటే అడుగున తెల్ల పెన్సిల్ రాయాలి. బ్రష్‌ని పన్నీటితో తడపాలి. రుద్దకూడదు, అద్దాలి. ఒక్కసారే మందంగా వెయ్యకుండా పూత మీద పూత వేసుకుంటూ పోవాలి.

ఇవన్నీ నాకు చేతికి వచ్చిన విద్య. అవన్నీ చేసినా రంగు పలకడం లేదు. ఒక మధ్యాహ్నం మా అమ్మాయి గాయత్రిని కుర్చీలో కూర్చోబెట్టాను. తొమ్మిదో తరగతి పాసై సెలవుల్లో ఉంది. కొత్త డబ్బాలో ఎరుపు తీసి దాని రెప్ప మీద అద్దాను. మట్టి. తుడిచేసి, తెల్ల పెన్సిల్ రాసి మళ్ళీ వేశాను. మట్టే. బ్రష్ వదిలేసి వేలితో నొక్కాను. పూత మీద పూత. తుడవడం, వెయ్యడం.

"అమ్మా, ఇంక సాలు. కళ్ళు మండిపోతన్నాయి."

"కదలకు. ఇప్పుడే కుదురుతాది."

"అద్దంలో సూసుకున్నానమ్మా. ఎర్రగా నిప్పులా ఉంది. నాటకంలో రాక్షసిలా ఉన్నాను."

"ఎక్కడే ఎరుపు? ఏదీ ఎరుపు?" అని గడ్డం పట్టుకుని కిటికీ వైపు తిప్పాను. మళ్ళీ దూది తీసుకుని తుడిచాను. పిల్ల గట్టిగా ఏడవడం మొదలుపెట్టింది. అప్పుడు వదిలాను. ఇంత చిన్నదానికి ఏడుస్తావేం అని కోప్పడ్డాను కూడా.

సాయంత్రం అత్త వచ్చి పిల్ల మొహం చూసి, "ఓలమ్మో! రెప్పలు ఎర్రగా వాసిపోయాయేటే! తోలు లేసిపోయింది. ఏటి సేసేవు దీన్ని?" అని గంప కింద పడేసి పరుగున వెళ్ళి కొబ్బరినూనె తెచ్చింది. నేనూ దగ్గరికెళ్ళి చూశాను. వాపు కనబడింది. ఎరుపు కనబడలేదు. గాయత్రి నా వైపు అదోలా చూసింది. భయపడుతున్న చూపు అది. నేను కొడతానని కాదు, నా కోసం భయపడే చూపని అర్థం కావడానికి నాకు ఇంకా కొన్నాళ్ళు పట్టింది.

* * *

పొలసరలో పెళ్ళి. ఒడియావాళ్ళది. పెళ్ళికూతురు తెల్లగా, సన్నగా ఉంది. వాళ్ళు అడిగింది మెరూన్, బంగారు రంగు. నేను వెయ్యాల్సిన పద్ధతిలోనే మొదలుపెట్టాను. నాలుగు పూతలైనా రెప్ప బోసిగానే కనబడింది. ఫొటోల్లో మరీ వెలిసిపోతుందని భయమేసింది. ఇంకా వేశాను. పెళ్ళికూతురు కళ్ళు మూసుకుని నా మీద నమ్మకంతో కూర్చుంది.

వాళ్ళ పిన్ని లోపలికొచ్చి గుమ్మంలోనే ఆగిపోయింది. ఆమె వెనక కెమెరా పట్టుకున్న కుర్రాడు తొంగిచూసి, "జాత్రా నాటకాల పార్టీ దిగిందా ఏంటి?" అన్నాడు. ఎవరో కిసుక్కున నవ్వారు. పెళ్ళికూతురు కళ్ళు తెరిచి అద్దం చూసుకుంది. నవ్వినవాళ్ళు నవ్వు ఆపేశారు. ఆ పిల్ల లేచి, పట్టుచీర కుచ్చిళ్ళు ఎత్తి పట్టుకుని, పెరట్లో కుళాయి దగ్గరికి నడిచి మొహం కడుక్కుంది. వాళ్ళ ఊరి పిల్లే ఎవరో వచ్చి పౌడరు రాసి, కాటుక పెట్టింది. పీటల మీద అలాగే కూర్చుంది.

నా పెట్టె నేను సర్దుకున్నాను. వెళ్ళమని ఎవరూ అనలేదు, ఉండమనీ అనలేదు. తిరుగు బస్సులో కిటికీ పక్కన కూర్చుని ఆ గదిలో వెలుతురు సరిగ్గా లేదని, ట్యూబులైటు వల్లే ఇదంతా అని నాకు నేనే చెప్పుకున్నాను. బస్సు బోర్డు మీది అక్షరాలు, దుకాణాల పేర్లు అన్నీ చదవగలుగుతున్నాను. కాస్త మసకగా ఉన్నాయి, కానీ ఎండకు అందరికీ అలాగే ఉంటుందనుకున్నాను.

ఆ ఫొటో ఎవరు పంపారో, ఎంతమంది ఫోన్లలోకి వెళ్ళిందో తెలియదు. వారం తిరిగేసరికి ఒక్కొక్కరే ఫోను చేశారు. ఒకరు పెళ్ళి వాయిదా పడిందన్నారు. ఇంకొకరు మేనకోడలే కోర్సు నేర్చుకుందట అన్నారు. పాత్రపూర్ వాళ్ళయితే ఫోను కూడా చెయ్యలేదు. చివరికి ఒక్క సాయిపద్మ పెళ్ళే మిగిలింది.

సాయిపద్మ హేమచంద్రగారికి దూరపు చుట్టం. కిరాణా హోల్‌సేల్ వ్యాపారం వాళ్ళది. "మా పిల్ల సామనసాయ" అంటుంది వాళ్ళమ్మ వాసవీకుమారి. "నలుపే అక్కా, నలుపని చెప్పుకోడానికి నాకేం సిగ్గులేదు" అంటుంది ఆ పిల్ల. చిన్నప్పటి నుంచి ఏ ఫంక్షనుకి ఏ పార్లరుకి వెళ్ళినా ఆమె మొహానికి సున్నం కొట్టి పంపేవారు. మెడ ఒక రంగు, మొహం ఒక రంగు. ఫాల్గుణంలో నా దగ్గరికి వచ్చినప్పుడు, "నీ రంగు మార్చను. నీ రంగు మీదే చిలకపచ్చ పలికిస్తాను, సూడు" అన్నాను. పలికించాను. అద్దంలో చాలాసేపు చూసుకుంది. పెళ్ళికి నేనే చెయ్యాలని అప్పుడే మాట తీసుకుని వెళ్ళింది.

ఇప్పుడు తల్లీకూతుళ్ళిద్దరూ పెళ్ళిచీర పట్టుకొచ్చారు. బరంపురం పట్టు. వాసవీకుమారి మడత విప్పి నా ఒళ్ళో పరిచింది.

"సిలకపచ్చ ఒళ్ళు, గుడిగోపురాల వరసతో ఎర్ర కుంభం అంచు. మాకు తెలిసిన నేతగాడి సేత దగ్గరుండి నేయించాం. ఎలాగుంది అమ్మడూ?"

ఒళ్ళు ఎక్కడ అయిపోయి అంచు ఎక్కడ మొదలైందో నాకు తెలియలేదు. అంతా ఒకటే ఎండిన ఆకు రంగు. పాపం, నేతగాడు వీళ్ళని మోసం చేశాడనుకున్నాను. పెళ్ళివారి దగ్గర ఆ మాట ఎలా అనేది?

"బాగుందమ్మా" అన్నాను.

* * *

ఆ సాయంత్రమే అత్త నాలుగు కానాగంత చేపలు మిగిలాయని ఇంటికి తెచ్చింది. పెరట్లో కత్తిపీట వేసుకుని బాగు చెయ్యడానికి కూర్చున్నాను. చేపలోళ్ళ పిల్లకి చేప తాజాదో కాదో ఎవరూ నేర్పక్కర్లేదు. మొప్ప ఎత్తి చూస్తే చాలు. ఎత్తి చూశాను.

"అత్తా, ఇవి సెడిపోయాయి. మొప్పలు సూడు, బూడిదలా అయిపోయాయి."

ఆమె ఇంతెత్తున లేచింది. "నా సేప సెడిపోయిందంటావేటే? పొద్దున తెప్ప మీంచి నా సేతులతో అందుకున్న సేప! ముత్యాలు సేపకి గేట్ బజారులో ఎవులైనా ఇంతవరకు పేరుపెట్టారా?"

వచ్చి నా చేతిలోంచి చేప లాక్కుని, మొప్పల్లోకి వేలు దూర్చి, ఆ వేలు నా కళ్ళ ముందు పెట్టింది.

"ఇదేటి?"

"బురద" అన్నాను.

ఆమె వేలు అలాగే గాలిలో ఉండిపోయింది. వేలి కొన నుంచి ఒక చుక్క జారి గచ్చు మీద పడింది. అత్త దాన్ని చూసింది, నన్ను చూసింది. తిట్లు ఆగిపోయాయి. మెల్లగా చెయ్యి కడుక్కుని లోపలికి వెళ్ళి, రెండు మిరపకాయలు తెచ్చి నా ముందు గచ్చు మీద పెట్టింది.

"ఇందులో పండుది ఏదే?"

నేను చెయ్యి చాచాను.

"ముట్టుకోకు. సూసి సెప్పు."

చూశాను. ఒకదాన్ని చూశాను, రెండోదాన్ని చూశాను. గుమ్మంలో గాయత్రి నోటికి చున్నీ అడ్డం పెట్టుకుని నిలబడి ఉంది. పక్కింటి కుళాయి కింద బిందె నిండుతున్న చప్పుడు వినబడుతోంది.

"ఎన్నాళ్ళ నుండే?" అంది అత్త.

"హేమచంద్రగారి సరుకే..." అని మొదలుపెట్టి ఆగిపోయాను.

అత్త నా ఎదురుగా కూలబడింది. కత్తిపీట నా ముందు నుంచి పక్కకు జరిపింది. ఆ పూట చేపలు తనే కోసింది.

* * *

పెద్దాసుపత్రిలో కంటి డాక్టరు శ్యామసుందర్ కుర్రవాడు. మందుసీసా ఎర్ర మూత తీసి, ఒక కన్ను మూయించి చూపించాడు, రెండో కన్ను మూయించి చూపించాడు. కంట్లోకి లైటు వేసి చూశాడు. అత్త చెంగులోంచి తీసిన మాత్రల అట్టని చేతిలోకి తీసుకుని వెనక్కి తిప్పి పేర్లు చదివాడు.

"ఇందులో ఒక మందు కంటి నరాన్ని దెబ్బతీస్తుంది. అందరికీ కాదు, ఎక్కడో ఒకరికి. చూపులో తేడా వస్తే వెంటనే రమ్మని మీకు చెప్పే ఉంటారు."

"సెప్పారు బాబూ. సూపు బాగానే ఉంది. రంగులే తేడా వొచ్చాయి" అన్నాను.

"అదీ చూపేనమ్మా" అన్నాడు.

నన్ను అడిగినప్పుడల్లా బోర్డులు చదవగలుగుతున్నానని చెప్పాను. రంగుల సంగతి ఎవరూ అడగలేదు, చెప్పాలని నాకూ తెలియలేదు.

అత్త ముందుకొచ్చి బల్ల పట్టుకుంది. "నా సేత్తోనే ఇచ్చాను బాబూ. రోజూ నేనే ఇచ్చాను. ఒక్కనాడు మానలేదు."

"మీరలా ఇచ్చారు కాబట్టే ఈమె లేచి తిరుగుతోంది. ఆ ఒక్క మాత్ర ఆపేస్తున్నాను. మిగతావి మాత్రం మానకూడదు. మానితే ఆ రోగం తిరగబెడుతుంది."

"రంగులు తిరిగి వొత్తాయా?" అని అడిగాను.

"చాలామందికి వస్తాయి. నెలలు పట్టొచ్చు. పూర్తిగా వస్తాయని మాట ఇవ్వలేను."

బయట వరండాలో బెంచీ మీద కూర్చున్నాం. ఎదురుగా గుల్‌మొహర్ చెట్టు విరగబూసి ఉందని అత్త అంది, నన్ను మాటల్లో పెట్టడానికి. తలెత్తి చూశాను. ఎండిపోయిన చెట్టు కనబడింది. నాకు అప్పుడు ఏడుపొచ్చింది. చేతిలో ఉన్న విద్య ఒక్కటి. దానికి కావలసింది ఒక్కటి. పిల్ల చదువు, ఇల్లు, మందులు, తిండి, అన్నీ దాని మీదే నిలబడి ఉన్నాయి. ఆసుపత్రి వరండాలో పదిమందిలో తల గోడకేసి కొట్టుకున్నాను. అత్త నా తలకీ గోడకీ మధ్య తన అరచెయ్యి పెట్టింది. ఆపమనలేదు. చెయ్యి మాత్రం తియ్యలేదు.

జగదీష్‌కి ఫోను చేస్తే, "వొచ్చేత్తాను, ఆ పెళ్ళీ గిళ్ళీ వొదిలీ" అన్నాడు. మంగళూరు వైపు నిషేధం ఇంకా మొదలవలేదు, బోట్లు ఆగలేదు. మధ్యలో వస్తే మళ్ళీ ఎక్కించుకోరని ఇద్దరికీ తెలుసు.

* * *

సాయిపద్మని రమ్మన్నాను. స్కూటీ మీద ఒక్కర్తే వచ్చింది. టీబీ సంగతి, మాత్రల సంగతి అన్నీ చెప్పేశాను. గడప దాటకూడదన్న మాట నేనే దాటించాను.

"నీ సీర నా కళ్ళకి ఎండుటాకులా ఉంది సాయిపద్మా. ఏది పచ్చో ఏది ఎరుపో నాకు తెల్డం నేదు. ఇంకా టైముంది. ఇంకెవర్నన్నా సూసుకో."

ఆ పిల్ల చాలాసేపు స్కూటీ తాళాన్ని వేళ్ళ మధ్య తిప్పుతూ కూర్చుంది.

"ఇంకెవరి దగ్గరికెళ్ళినా తెల్లగా సేసేత్తారక్కా" అంది చివరికి. "నా పెళ్ళిలో నేనుండను. ఇంకెవత్తో ఉంటాది."

"నా సేతిలో పాడైపోతావే. పొలసర పిల్ల ఫొటో సూళ్ళేదా?"

"సూశాను."

వంటింట్లోంచి అత్త చీరకొంగుతో చేతులు తుడుచుకుంటూ వచ్చింది. "నీ కళ్ళు పన్జెయ్యకపోతే నా కళ్ళున్నాయి గదే. నేనొత్తాను. నాకు పేర్లు తెల్వవుగానీ రంగులు కనబడతాయి."

పెళ్ళినాడు అత్త రెండుసార్లు తలంటుకుంది. కోమట్ల పెళ్ళిలో చేపల కంపని ఎవరూ అనకూడదని ఒంటికి గంధం రాసుకుంది. కల్యాణమండపం మేడ మీది గదిలో సాయిపద్మ చిలకపచ్చ చీరలో కూర్చుంది. వాసవీకుమారి తలుపు దగ్గర పెదవులు బిగించి నిలబడింది. కూతురు ఏం చెప్పి ఒప్పించిందో తెలియదు. ఒప్పుకున్న మొహం కాదది. కాసేపు నిలబడి కిందికి వెళ్ళిపోయింది.

రెప్ప తుడిచాను. కన్సీలర్ పల్చగా పూశాను. తెల్ల పెన్సిల్ రాశాను. ఇంతవరకు నా చేతికి ఎవరి సాయమూ అక్కర్లేదు. తర్వాత డబ్బా మూత తీసి అత్త ముందు పెట్టాను.

"చిలకపచ్చ ఏది అత్తా?"

"ఇందులో పచ్చలే నాలుగున్నాయే. ఒకటి రాతి మీద నాసు. ఒకటి సంద్రంలో లోతు రంగు. ఇదిగో ఇది లేత అరిటాకు. ఈ కొసన ఉన్నది... ఆఁ, ఇదే. ఇదీ సీరా ఒకటే."

"దాని పక్కన మెరూన్ ఉందా?"

"ఉడికిన రొయ్య రంగుదా?"

"కాదు, ఇంకా ముదురు."

"అయితే సూరసేప కోసినప్పుడు నడుమ్ముక్క రంగుది. ఉంది."

కళ్ళు మూసుకున్న సాయిపద్మకి నవ్వాగలేదు. "మా ఇంట్లో వినబడితే పెళ్ళాగిపోతాది పెద్దమ్మా!"

"నవ్వకు, రెప్ప కదులుతాది" అన్నాను. ఆ సీజనులో నా గొంతు మామూలుగా పలకడం అదే మొదటిసారి.

బ్రష్‌ని పన్నీటిలో తడిపి, అత్త వేలు పెట్టిన గడిలో అద్ది, రెప్ప మీద నొక్కాను. తడిసిన పొడి చర్మాన్ని పట్టుకోవడం వేలికి తెలుస్తోంది. కంటికి మాత్రం బూడిద మీద బూడిద. రెండో పూత వేశాను. మూడోది వేశాను.

"సాలు" అంది అత్త.

"ఇంకొక్కటి. ఏటీ పలకలేదు."

"సాలన్నాను."

నాలో ఉన్నదంతా ఇంకో పూత వెయ్యమంటోంది. ఎదురుగా కనబడేది బోసి రెప్ప. ఇలా పంపిస్తే ఈ పిల్ల పెళ్ళి ఫొటోల్లో జన్మంతా బోసిగా ఉండిపోతుందని నా కళ్ళు చెబుతున్నాయి. అత్త ఇంకేమీ అనలేదు. డబ్బా మూత కూడా వెయ్యలేదు. నా చెయ్యి బ్రష్ పట్టుకుని రెప్ప దగ్గరే ఆగింది.

బ్రష్ కింద పెట్టాను.

తర్వాత కాటుక. నలుపు నాకు నలుపులాగే కనబడింది. ఆ గీత ఎవరి సాయమూ లేకుండా గీశాను.

వాసవీకుమారి ముహూర్తం దగ్గరపడిందని పైకి వచ్చింది. కూతురి గడ్డం పట్టుకుని కిటికీ వెలుతురుకి తిప్పింది. చాలాసేపు చూసింది. నేను ఆమె మొహాన్నే చూస్తున్నాను, నాకు దాన్లో తప్ప ఇంకెక్కడా చదువుకునే వీల్లేదు. ఆమె కింద కూర్చుని, నా కాటుక డబ్బాలో వేలు ముంచి, కూతురి అరికాలికి దిష్టిచుక్క పెట్టింది. తర్వాత నా వైపు చూడకుండానే, "ఇద్దరూ భోంచేసి ఎల్లండి" అంది.

మేము భోజనానికి ఆగలేదు. మెట్ల మీద ఆగాను. కింద సన్నాయి మొదలైంది. గోడ పట్టుకుని, "ఎలాగుంది అత్తా? నిజం సెప్పు" అన్నాను.

"నాకేటి తెలుసే? పచ్చ పచ్చలా ఉంది. నలుపు నలుపులా ఉంది" అంది.

* * *

ఆ తర్వాత పెళ్ళిళ్ళు రాలేదు. సాయిపద్మ ఫొటోలు బాగున్నాయని అన్నవాళ్ళున్నారు గానీ, పొలసర ఫొటో, టీబీ మాట రెండూ దానికంటే ముందు నడిచాయి. పార్లరు షట్టరు దించాను. గాయత్రి అద్దాల మీద పాత దుప్పటి కప్పింది. నిషేధం ఎత్తేశాక అత్తతో పాటు నేనూ గోపాల్‌పూర్ వెళ్ళడం మొదలుపెట్టాను. తూకం నేను వేసేదాన్ని, ఏరడం ఆమె. మంగళూరులో బోట్లు ఆగిన రోజుల్లో జగదీష్ వచ్చాడు. మొదటి రోజు నా కళ్ళలోకి చూడలేకపోయాడు.

ఆషాఢం వానల్లో డాక్టరు మళ్ళీ రమ్మన్నాడు. ఆ రోజు నలుగురం వెళ్ళాం. రంగురంగుల చుక్కలు నిండిన పుస్తకం ఒకటి నా ముందు తెరిచాడు. చుక్కల్లో అంకె దాగి ఉంటుంది, కనబడితే చెప్పమన్నాడు.

మొదటి పేజీలో పన్నెండు కనబడింది. సంతోషంగా చెప్పాను. "అది అందరికీ కనబడుతుంది" అని పేజీ తిప్పాడు.

ఈసారి అన్నీ చుక్కలే. తడి ఇసక మీద పీతలు తిరిగిపోయినట్టు. కళ్ళు చికిలించాను. వదిలేశాను. మళ్ళీ చూశాను. అప్పుడు చుక్కల్లోంచి ఏదో వంపు తిరుగుతూ పైకి తేలింది. వణుకుతూనే ఉంది, కానీ ఉంది. వైశాఖం నుంచి నా కళ్ళకి దానంతటది వచ్చి కనబడ్డ రంగు అదే.

"మూడు! మూడు బాబూ!" అని అరిచాను.

డాక్టరు కాగితం మీద ఏదో రాసుకున్నాడు. నా వెనక జగదీష్ గొంతు సవరించుకున్నాడు. ఎవరూ అవునని అనకపోవడంతో తప్పు చెప్పానని నాకు అర్థమైంది. కుర్చీ చెయ్యి గట్టిగా పట్టుకున్నాను.

అత్త నా భుజం మీదుగా వంగి పుస్తకంలోకి చూసింది. చేపల తూకాల్లో ముసలైన మనిషి, అంకెలు బాగా తెలుసు.

"ఎనిమిది గదే అది" అంది. తర్వాత డాక్టరు వైపు తిరిగింది. "ఎనిమిదిలో మూడు ఉంది గదా బాబూ. ఓ పక్క కనబడింది. రెండో పక్క మాత్రం రాకుండా ఏటిపోద్ది?"

డాక్టరు పేజీ తిప్పాడు.

నేను ముందుకి వంగాను.